తోట ముచ్చట్లు: మిరుగు ముంగట లాన్ ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి చూస్తే సగానికి సగం గడ్డి గురించే ఉన్నయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు, ఇగ మొన్న మొన్న పరిచిన లాన్ ఏం ఆగుతది. మిరుగు, అదే మృగశిర కార్తె, ఇంకో వారం ఉంది, తొలి వాన పడంగనే పని మొదలుపెట్టేటోళ్లకు అక్కరకొస్తదని ఈ సంచిక మొత్తం గడ్డికే ఇచ్చిన. గులాబి మొగ్గలు మాడుతున్నయని, కరివేపాకు పెరుగుతలేదని అడిగినోళ్లు ఏమనుకోకుండ్రి, మీ వంతు వచ్చేసారి.

ప్రశ్న: సార్, కొత్తగ ఇల్లు కట్టుకున్నం. ముంగట 50 గజాల జాగ ఉంటే మార్చి నెలల కొరియన్ కార్పెట్ గడ్డి తెప్పిచ్చి పరిపిచ్చిన. రోజూ రెండు పూటలు నీళ్లు పట్టినం. అయినా మే నెలకల్లా చాపలు చాపలుగ ఎండిపోయింది, అంచులు పైకి లేసినయి. తెచ్చిచ్చినాయన్ని అడిగితే నీళ్లు చాల్లేవంటున్నడు. మళ్ల అదే వెయ్యాల్నా?
ఒక రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: సార్, పైసలు మళ్ల పెట్టే ముందు ఒక గడ్డపార తీస్కోండి. ఎండిన చాప ఒకటి పక్కకు జరిపి కింద మట్టిల ఒక్క పోటు పొడ్వండి. జానెడు లోతు దిగిందంటే తెచ్చిచ్చినాయన చెప్పింది నిజం కావొచ్చు, నీళ్లే చాల్లేదేమో. రెండు అంగుళాలకే ఠంగుమన్నదంటే మాత్రం మీరు నీళ్లు కాదు కదా పాలు పోసినా ఆ గడ్డి బతకది.

నేను ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే నేను గూడ గిట్లనే దెబ్బ తిన్న. మా ఇల్లు కట్టినప్పుడు బేస్‌మెంట్‌ల నింపంగ మిగిలిన మొరం అంత ముంగట్నే సదిరిపిచ్చి, దాని మీద ఇంత ఎర్రమట్టి చల్లి కార్పెట్ పరిపిచ్చిన, తొలి నెల ఎంత పచ్చగున్నదంటే గృహప్రవేశానికి వచ్చినోళ్లంత ఇల్లు ఇడ్సిపెట్టి గడ్డి మీద ఫొటోలు దిగిన్రు, ఏప్రిల్ నడుమ ఒక పొద్దున చూస్తే ఊదు రంగు తిరిగింది, వారంల గడ్డివాము రంగు. మా అమ్మ వచ్చి కాలితోని ఒక చాప మూల లేపింది. వేరు ఒక్కటి కిందికి దిగలే. వేర్లన్ని చాప కిందనే తెల్లటి దారాల లెక్క చుట్టలు చుట్టుకొని ఉన్నయి, వాటి కింద సిమెంటు గడ్డలు, టైల్స్ ముక్కలు, మేస్త్రి మరిచిపోయిన తాపీ ఒకటి. "బండ మీద వడ్లు అలికితే మొలుస్తయారా" అని మా అమ్మ తాపీ కడిగి లోపల పెట్టుకున్నది.

కొత్త ఇండ్లల్ల పది లాన్లు ఎండితే తొమ్మిదింటి కత ఇదే. మొరంల తేమ నిలవది, సిమెంటు సున్నం కలిసిన మట్టిల గడ్డికి ఇనుము అందది, దాని ముచ్చట కింద ఇంకో ఉత్తరంల ఉంది. కాబట్టి ముందుగాల ఆ మొరాన్ని కనీసం అరడుగు లోతు తీసెయ్యాలె, శిథిలాలు ఏరెయ్యాలె. 50 గజాలకు అరడుగు మట్టి అంటే దగ్గర దగ్గర రెండు ట్రాక్టర్ ట్రిప్పులు పడతయి. ఏం మట్టి అంటే, మన చల్క నేలల ఎర్రమట్టి మూడు వంతులుంటే చెరువు మట్టి ఒక వంతు. 2015 ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి చేన్లకు తోలుకున్నోళ్లకు తెలుసు, చల్కల అది కలిస్తే నేల ఎట్ల తిరుగుతదో. కాని ఉత్త చెరువు మట్టే పోస్తే వానకు బురద, ఎండకు పలక. దాంట్ల బాగా మాగిన పెంట ఎరువు ఒక ఇరవై ముప్పై గంపలు కలుపుండ్రి. పచ్చి పెంట ఒద్దు, పశువు తిన్న గడ్డి గింజలన్ని మీ లాన్‌ల మొలుస్తయి.

మట్టి సదిరినంక వెంటనే గడ్డి నాటకుండ్రి, ఇది చాలమంది ఆగలేని పని. ఊకె తడిపి పదిహేను ఇరవై రోజులు ఇడ్సిపెట్టుండ్రి. దాంట్ల ఉన్న కలుపంత లేస్తది. పీకేసి, అప్పుడు నాటుండ్రి.

ఏం నాటాలె అంటే నన్నడిగితే గరిక. మీరు నవ్వుకుంటరు, చేన్ల పీకి పారేసేది, వినాయకునికి పెట్టేది, దాన్ని ఇంటి ముంగట పెంచుడేందని. ప్రపంచంల క్రికెట్ గ్రౌండ్లు, గోల్ఫ్ కోర్సులు ఎండ దేశాలల్ల నడిచేది దీని మీదనే, నర్సరీల బెర్ముడా అని, సెలక్షన్ వన్ అని సన్నాకు రకాలు అమ్ముతరు. కొరియన్ గడ్డి మెత్తగ దిబ్బలు దిబ్బలుగ అందంగ ఉంటది, నేను కాదనను, కాని అది నిదానంగ పాకుతది, ఒక జాగల ఎండిందంటే ఆ బొంద పూడనీకె నెలలు పడతది. గరిక అట్ల కాదు, పైన ఎండినా కింద కాండం బతికుంటది, ఒక్క వానకు లేస్తది. చాపలు కొనే పని గూడ లేదు. వేరుతోని ఉన్న గరిక కాడలు తెచ్చి మూడు కనుపులు ఉండేటట్టు తుంచి, నాలుగు అంగుళాలకు ఒక కుదురు, రెండు కనుపులు మట్టిల ఒకటి బయట, అంతే. మిరుగు వానలకు నాటితే దసరాకు నేల కనపడదు. మార్చిల పరిచిన గడ్డి వేరు తన్నకముందే ఎండలు మొదలైతయి సార్, మీది మట్టి తప్పు సగం, నెల తప్పు సగం.

ప్రశ్న: మాది నల్లరేగడి, సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. వానకాలం లాన్‌ల నీళ్లు నిలబడి గడ్డి పసుపు పచ్చగైతది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు. ఇసుక కలిపితే బాగైతదని మేస్త్రి చెప్పిండు.
మిర్యాలగూడ నుంచి ఒక గృహిణి

జవాబు: అక్కా, ఇసుక ముచ్చట పక్కకు పెట్టుండ్రి. రేగడిల కొంచెం ఇసుక కలిపితే అది ఇటుక లెక్క గట్టిపడతది, తేడా తెల్వాలంటే సగానికి సగం ఇసుక పొయ్యాలె, అంత ఖర్చు ఎందుకు. మీ దగ్గర అసలు రోగం వాలు లేకపోవుడు. మేస్త్రిని ఇసుక అడగకుండ ఆయన దగ్గరున్న లెవల్ పైపు అడుగుండ్రి, సన్న పైపుల నీళ్లు నింపి రెండు కొసలు పట్టుకునేది, దాంతోని గోడ కాడి నుంచి గేటు దిక్కు ప్రతి పది ఫీట్లకు రెండు రెండున్నర అంగుళాలు దిగేటట్టు సదురుండ్రి. కొసకు జానెడు కాల్వ. వాన వెలిసినంక గంట తర్వాత కూడ నీళ్లు కనపడితే వాలు ఇంకా చాల్లేదని లెక్క.

నెర్రెలల్ల ఊకె నీళ్లు పోస్తే పాతాళానికి పోతయి తప్ప గడ్డికి అందవు. మాగిన ఎరువు, జల్లెడ పట్టిన మట్టి సగం సగం కలిపి నెర్రెలల్లకు ఊడ్చుండ్రి, అప్పుడు మెల్లగ తడుపుండ్రి. ఏటేటా ఇట్ల చేస్తే మూడో ఏడుకు నేల గుల్లబారుతది. మట్టి పరీక్షల చౌడు అని వస్తేనే జిప్సం వెయ్యాలె, ఎవరో వేసిన్రని వెయ్యకుండ్రి. పరీక్షకు కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గర, పాలమూరు దిక్కు వాళ్లకు పాలెం ఉంది. ఐదారు జాగలల్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి అరకిలో పట్టుకపోతే చాలు.

ప్రశ్న: మా ఊర్ల వాటర్ ప్లాంట్ నుంచి రోజూ బోలెడు నీళ్లు మోరీల పోతయి. పైపు వేసి లాన్‌కు మలిపిన. మొదట మంచిగనే ఉండె, ఇప్పుడు గడ్డి కొసలు మాడుతున్నయి, నేల మీద తెల్లగ పొడి లెక్క వస్తున్నది.
మునుగోడు దిక్కు నుంచి ఒక యువకుడు

జవాబు: తమ్మీ, నీ ఆలోచన మంచిదే, నీళ్లు మోరీల పోతుంటే మన జిల్లాల పుట్టినోనికి పాణం ఊకోదు. కాని ఆ నీళ్లు ఏంటియో ఒక్కసారి లెక్క చూడు. ప్లాంట్ల బోరు నీళ్లు వంద లీటర్లు పోతే 50 లీటర్లు తాగేటియి వస్తయనుకో, ఆ 50 ల ఉన్న ఉప్పు ఎటు పోయింది? బయటికి పడేసే 50 లీటర్లల్ల కలిసింది. అంటే మీ బోరు నీళ్లకంటే రెట్టింపు ఉప్పటి నీళ్లు నువ్వు గడ్డికి పోస్తున్నవు, ఫ్లోరైడ్ గూడ దాంట్లనే. మీ దిక్కు ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగ చెప్పేదేముంది, మీ ఊర్ల ముసలోళ్ల నడుములు చూసినోళ్లకెవరికీ చెప్పే పని లేదు. నేల మీద కనపడే తెల్ల పొడి ఉప్పే. వేలు తడి చేసి అద్ది చూస్తే కరకరలాడుతది, నోట్ల మాత్రం పెట్టుకోకు.

ఆ పైపు ఇయ్యాల్నే మలుపు. ఇగ పేరుకున్న ఉప్పు ఎట్ల పోవాలె అంటే, వానలే కడగాలె. తొలి పెద్ద వానలప్పుడు పొద్దుగాల లేసి లాన్‌కు నాలుగు దిక్కుల కట్ట ఉంటే ఒక మూల తెంపి నీళ్లు పారనియ్యి, నిలబెట్టకు. రెండు మూడు వానలైనంక మాడిన జాగలల్ల గరిక కాడలు మళ్ల నాటు, గరిక ఉప్పును బాగనే తట్టుకుంటది. పాస్పాలమ్ అని సముద్రం ఒడ్డున పెరిగే గడ్డి ఇంకా ఎక్కువ తట్టుకుంటది, పెద్ద నర్సరీలల్ల అడిగితే దొరుకుతది. మామూలు బోరు నీళ్లు పోసేటోళ్లు గూడ అప్పుడప్పుడు ఒకసారి మామూలుకు రెండింతలు పెట్టి ఉప్పును వేరు కిందికి దించాలె, రోజూ ఇన్ని ఇన్ని చిలకరిస్తే నీళ్లు ఆవిరైతయి, ఉప్పు పైన్నే కూసుంటది.

ప్రశ్న: నెలకోసారి యూరియా వేస్తున్న, అయినా లాన్ పసుపు పచ్చగనే ఉంటున్నది.
వనపర్తి

జవాబు: వాకిట్ల కూసొని ఒక పోచ తెంపి వెలుగుకు అడ్డం పెట్టి చూడండి. ముదురాకు పసుపైతే నత్రజని తక్కువ, యూరియాకు మలుగుతది. లేతాకు పసుపై, దాంట్ల ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతల లెక్క కనపడుతున్నయా, అప్పుడు ఇనుప ధాతులోపం, ఎంత యూరియా వేసినా తిరగది. సున్నపు నేలలల్ల, బేలదారి పని అయినంక సిమెంటు నీళ్లు ఇంకిన జాగలల్ల ఇది ఖాయం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట కొట్టుండ్రి, వారం ఆగి మళ్లొకసారి. కలిపినయి అప్పుడే కొట్టాలె, రేపటికి ఉంచితే తుప్పు రంగు తిరిగి పనికి రావు. ఇంకో మాట, ఆ నీళ్లు షాబాద్ బండల మీద పడితే తుప్పు మరకలు పడతయి, ఎంత రుద్దినా పోవు, నేను కొత్త మెట్ల మీద పడగొట్టి ఇంట్ల ఎన్ని మాటలు పడ్డనో నాకే తెలుసు. పక్కన పాత చీర పరుచుకొని కొట్టుండ్రి.

యూరియా లెక్క గూడ చెప్పలేదు మీరు. 50 గజాలకు 400 గ్రాములు మించొద్దు, అది గూడ వానకాలం మట్టుకే, చల్లిన వెంటనే నీళ్లు పట్టాలె. తడి గడ్డి మీద గుప్పెడు గుప్పెడు చల్లితే చుక్కలు చుక్కలు మాడుతది.

ప్రశ్న: లాన్ మొత్తం తుంగ పట్టింది. పీకినకొద్ది వస్తున్నది. ఏం మందు కొట్టాలె?
సూర్యాపేట నుంచి

జవాబు: ముందుగాల అది తుంగనేనా అని కాడ పట్టుకొని బొటనవేలు, చూపుడువేలు నడుమ తిప్పి చూడండి. గుండ్రంగ తిరిగితే గడ్డి, మూడు మూలలు తగిలితే తుంగ. వరి మడి మట్టి తెచ్చి పోసిన్రు కదా? తొంభై పాళ్లు అట్లనే వస్తది. పైన పీకితే కింద గడ్డ ఉంటది, ఆ గడ్డకు దారం తగిలిచ్చినట్టు ఇంకో గడ్డ, పూసల దండ లెక్క. చిన్న లాన్ అయితే మందు లేకుండనే ఓపికతోని గెలవొచ్చు, మొలిచిన రెండు మూడు వారాలల్లనే, కొత్త గడ్డ కట్టకముందే, తడి మట్టిల సన్న ఖుర్పితోని గడ్డతో సహా తియ్యాలె, మళ్ల మొలిస్తే మళ్ల తియ్యాలె. ఒక వానకాలం మొత్తం చేసినోళ్లకు వచ్చే ఏడు పావు వంతు గూడ రాదు.

మందే కావాలంటే చెరుకుల, మక్క చేన్ల తుంగకు కొట్టే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఉంది, గరికకు పెద్దగ దెబ్బ తగలది. కాని డోసు దగ్గర అందరు బోల్తా పడతరు. ఎకరానికి 36 గ్రాములు అది. ఎకరం అంటే 4840 గజాలు, మీ 50 గజాలకు ఎంత అయింది? అరగ్రాము గూడ లేదు. బంగారం తూకం వేసే త్రాసు ఉంటే తప్ప సరిగ రాదు. దుకాణపాయన మూతతోని కొలువుమన్నడని కొడితే తుంగతోపాటు లాన్ గూడ పోతది. పిల్లలు ఆడుకునే జాగ, బర్రెకు గడ్డి కోసుకునే జాగ అయితే నేను మందు పేరు గూడ ఎత్తను, ఖుర్పియే మంచిది.

ప్రశ్న: నీళ్లు ఎన్ని పట్టాలె? మా వాచ్‌మెన్ రోజూ సాయంత్రం పది నిమిషాలు పైపు పట్టుకొని నిలబడతడు.
నాగర్‌కర్నూల్ నుంచి ఒక స్కూల్ ఇన్‌చార్జి

జవాబు: వాచ్‌మెన్‌కు గాలి తగులుతది, గడ్డికి నీళ్లు తగలవు మేడం. పది నిమిషాలు చిలకరిస్తే పైన అంగుళం తడుస్తది, వేరు ఆ అంగుళంలనే ఉండిపోతది, ఒక్క రోజు కరెంటు పోయి మోటరు నడవకపోతే వాడిపోతది. లెక్క సులువు. గజం జాగకు వారానికి 20 లీటర్ల పైన, మే నెలల 30 లీటర్ల దాక. 50 గజాలకంటే మామూలు రోజులల్ల వారానికి ఒక వెయ్యి లీటర్ల ట్యాంకు. దాన్ని ఏడు రోజులు పంచకుండ్రి, చల్కల మూడు సార్లు, రేగడిల రెండు సార్లు, పొద్దుగాల ఎండ ఎక్కకముందు పెట్టుండ్రి. చల్క నేల అయితే ఒక్కపారి పోస్తే కిందికి దిగిపోతయి కాబట్టి మూడు.

స్ప్రింక్లర్ ఉంటే నాలుగు ఖాళీ ఆవకాయ డబ్బాలు లాన్‌ల నాలుగు మూలల పెట్టి నడిపి చూడండి. ఒక దాంట్ల అంగుళం, ఇంకో దాంట్ల చుక్క, మీరే ఆశ్చర్యపోతరు. గడ్డి అడుగుతదా లేదా అని తెల్వాలంటే పొద్దున నడిచి వెనక్కి తిరిగి చూడండి, అడుగుల గుర్తులు లేవకుండ అట్లనే ఉంటే ఆ రోజు నీళ్లు పెట్టాలె, లేస్తే ఇంకో రోజు ఆగొచ్చు.

ప్రశ్న: వేపచెట్టు కింద ఎన్నిసార్లు నాటినా గడ్డి వస్తలేదు.
అచ్చంపేట

జవాబు: రాదు. గరికకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలె. నీడకు బఫెలో గడ్డి అని వెడల్పాకుది కొంచెం ఆగుతది, కాని వేప వేర్లతోని నీళ్లకు కొట్లాడాలె. అక్కడ రెండు బండలు వేసి అరుగు కట్టుకొని కూసోండి, మన ఎండలకు ఆ నీడ గడ్డికంటే విలువైనది.

ప్రశ్న: మెషిన్ లేదు, కొడవలితో కోస్తున్నం. నున్నగ గీకితే బాగుంటదని మా ఆయన కింది దాక కోస్తడు, తర్వాత వారం రోజులు ఎర్రగ కనపడతది. ఇంకొకటి, గునుగు మొలకలు వస్తున్నయి, పీకెయ్యాల్నా?
కల్వకుర్తి

జవాబు: చెల్లె, మీ ఆయనకు చెప్పు, అది గడ్డమా గీకనీకె. ఉన్న ఎత్తుల మూడో వంతు కంటే ఎక్కువ ఎప్పుడూ కొయ్యొద్దు. గరికను అంగుళం, అంగుళంన్నర దగ్గర ఉంచుండ్రి, ఎండాకాలం రెండు అంగుళాలకు పెంచుండ్రి, ఆ పైగడ్డే నేలకు గొడుగు. వానకాలం వారానికోసారి, చలికాలం నెలకోసారి అయినా చాలు, డిసెంబర్ల పెరుగుడు ఆగితే ఎరువు వేసి లేపే పని పెట్టుకోకుండ్రి. కొడవలికి పదును లేకపోతే పోచ తెగకుండ చీలుతది, కొసలు తెల్లబారేది అందుకే, కోసే ముందు సానరాయి మీద నాలుగు సార్లు గీసుకోండి.

గునుగు ఒక మూలకు నాలుగు మొక్కలు ఉండనియ్యి, బతుకమ్మకు అంగట్ల కొనే పని తప్పుతది. వయ్యారిభామ ఉంటే మాత్రం పువ్వు రాకముందే చేతికి కవరు తొడుక్కొని పీకెయ్యి.

ప్రశ్న: మా అత్తమ్మ లాన్ అంటేనే కొట్లాడుతున్నది. తాగనీకె నీళ్లు లేక వలసలు పోయిన ఊర్లె గడ్డికి నీళ్లు పోసుడేందని, పైగా వాకిట్ల సాన్పి చల్లనీకె, ముగ్గు వెయ్యనీకె జాగ లేకుండ అయిందని. నేనేమో పిల్లలు దుమ్ముల ఆడుతున్నరని వేసుకున్న. ఏం చెప్పాలె?
దేవరకద్ర దగ్గర ఒక పల్లె నుంచి

జవాబు: అమ్మా, మీ అత్తమ్మతోని నేను గెలవలేను, ఎందుకంటే నీళ్ల మాట ఆమెదే నిజం. పైన చెప్పిన లెక్కే చూడు, 50 గజాలకు వారానికి వెయ్యి లీటర్లు, మేల ఇంకో సగం ఎక్కువ. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగనీకె వచ్చినయి, వాటిని గడ్డికి మలపొద్దు. కాని పిల్లలకు 50 గజాలు అక్కర్లేదు కదా, 15 గజాలు చాలు. అంటే రోజుకు 40, 50 లీటర్లు, అది మీ ఇంట్ల స్నానాల నీళ్లల్ల వస్తది. బట్టల సర్ఫ్ నీళ్లు ఒద్దు, స్నానం నీళ్లు ఒక రోజు తప్పిచ్చి ఒక రోజు పోస్తే పర్వాలేదు. గడపకు ముంగట నుంచి గేటు దాక వాకిలి అత్తమ్మకు ఇడ్సిపెట్టు, గడ్డిని తూర్పు దిక్కు గోడ పక్కకు జరుపు, నడుమ ఇటుకలు నిలువుగ పాతి హద్దు పెట్టు, లేకపోతే గరిక రెండు నెలలల్ల ముగ్గు మీదికి పాకుతది, అప్పుడు మళ్ల కొట్లాట. మేల గడ్డి ఎండితే ఎండనియ్యి, నీళ్లు పొయ్యకు, గరిక కింద బతికే ఉంటది. వినాయక చవితి నాడు 21 పోచలకు ఊరంత మీ ఇంటికే వస్తది, ఆ పొద్దు తెంపి ఇచ్చే పని అత్తమ్మకు అప్పజెప్పు.